జపాన్ శృంగార ధిక్కార చిత్రాలు: పునరుద్ధరణ, డిస్క్ విడుదలలు

1960ల మొదటినుంచి 1980ల చివరిదాకా జపాన్‌లో పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో వేల సినిమాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం వారమో పది రోజులో ఆడి, ఆపైన ఎవరికీ పట్టకుండా పోయినవే. కొన్ని మాత్రం పడకగదిలోంచే రాజ్యాన్నీ కుటుంబాన్నీ అమెరికా సైనిక స్థావరాలనూ నిలదీశాయి. చివరికి సెన్సారునూ వదల్లేదు. ఈ రెండో రకం చిత్రాల నెగటివ్‌లనూ ప్రింట్లనూ వెతికి పట్టుకుని, శుభ్రం చేసి, బ్లూరే డిస్కులుగా తెచ్చే పని 21వ శతాబ్దంలో ఊపందుకుంది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల్లోని చిన్న సంస్థలు ముందు నడిచాయి. జపాన్ స్టూడియోలు ఆలస్యంగా చేతులు కలిపాయి. పాడైన బొమ్మను బాగుచేయడంతో ఇక్కడ పని పూర్తికాదు. తెరమీద కనిపించే ఏ మచ్చ కాలం వేసింది, ఏది పోలీసు భయంతో పడింది, ఏది దర్శకుడు కావాలని పెట్టింది అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ రంగంలో మంచి విడుదలకూ నాసిరకం విడుదలకూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఈ చిత్రాలన్నీ ఒకే గూటివి కావు. చిన్న సంస్థలు అతి తక్కువ ఖర్చుతో తీసినవాటిని 'పింకు ఎయిగా' అంటారు, అంటే గులాబి చిత్రాలు. నిక్కత్సు అనే పెద్ద స్టూడియో 1971 నుంచి 1988 దాకా తీసినవి 'రోమన్ పోర్నో'. తోయెయ్ స్టూడియోలో తెరువో ఇషీ లాంటివారు శృంగారాన్నీ బీభత్సాన్నీ కలిపి తీసినవాటికి 'ఎరో గురో' అన్న పేరుంది. వీటికి పక్కగా, పెద్ద పేరున్న దర్శకులు లైంగికతనే వస్తువుగా తీసుకుని చేసిన కళాత్మక చిత్రాలున్నాయి. నగిసా ఓషిమా, యసుజో మసుమురా ఈ చివరి వరుసలోనివారు.

పుట్టుక

షింతోహో అనే స్టూడియో 1961లో దివాలా తీసింది. దాని అధిపతిగా పనిచేసిన మిత్సుగి ఓకురా సొంతంగా ఓకురా ఎయిగా అనే సంస్థ పెట్టి, 1962లో సాతోరు కొబయాషి దర్శకత్వంలో 'నికుతై నో ఇచిబా' (దేహాల సంత) విడుదల చేశారు. మొదటి పింకు చిత్రంగా దీన్నే లెక్కవేస్తారు. పోలీసులు ప్రింట్లు పట్టుకుపోయారు, కొన్ని కోతలు పడ్డాయి, సినిమా మళ్లీ విడుదలై లాభాలు తెచ్చింది. అయినా ఈ రోజు దానిలో మిగిలింది దాదాపు 20 నిమిషాల ముక్క. ఒక సినీ ప్రక్రియకు ఆద్యమైన చిత్రమే ఇలా చేజారిపోయిందంటే, దాని వెనక వచ్చిన వందలాది అనామక చిత్రాల గతి ఏమైందో ఊహించుకోవచ్చు.

1964లో నాటకరంగం నుంచి వచ్చిన తెత్సుజి తకెచి, జునిచిరో తనిజాకి రచన ఆధారంగా 'హకుజిత్సుము' (పగటి కల) తీశారు. షోచికు లాంటి పెద్ద సంస్థ దాన్ని పంపిణీ చేసింది. ఆ ధైర్యంతో మరుసటి ఏడాది తీసిన 'కురోయి యుకి' (నల్ల మంచు) ఆయన్ను కోర్టుకెక్కించింది. అమెరికా వైమానిక స్థావరం పక్కన నడిచే వేశ్యావాటిక కథ అది. ఒక స్త్రీ వంటిమీద బట్టలేకుండా స్థావరం కంచె వెంట పరుగెత్తే సన్నివేశం ఉంది. నెత్తిమీద విమానాలు గర్జిస్తుంటాయి, కంచె ఎంతకీ తరగదు. అభియోగం అశ్లీలతది. తనను వేధిస్తున్నది తన రాజకీయం కారణంగానేనని తకెచి వాదించారు. కింది కోర్టులోనూ పైకోర్టులోనూ నిర్దోషిగా బయటపడ్డారు.

అదే 1965లో కోజి వకమత్సు తీసిన 'కబె నో నకా నో హిమెగొతో' (గోడల నడుమ రహస్యాలు) బెర్లిన్ చలనచిత్రోత్సవానికి ఎంపికైంది. ప్రభుత్వం గానీ పెద్ద స్టూడియోలు గానీ పంపిన చిత్రం కాదది. ఇరుకు అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఉక్కిరిబిక్కిరవుతున్న మధ్యతరగతి జీవితం దాని వస్తువు. దేశ పరువు తీసిన సినిమా అని పత్రికలు మండిపడ్డాయి. ఆ గొడవతోనే వకమత్సు పేరు మారుమోగింది. ఆ ఏడాదే సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నారు. మసావో అదాచి లాంటి రచయితలతో కలిసి విద్యార్థి ఉద్యమాల కోపాన్నీ, ఆ ఉద్యమాలు ఓడిపోతున్నప్పటి నిస్పృహనూ పింకు చిత్రాల్లో నింపారు. 1972 నాటి 'టెన్షి నో కోకొత్సు' (దేవదూతల పారవశ్యం) చూస్తే ఇది శృంగార చిత్రమా, సాయుధ వామపక్ష బృందం మీద విచారణా అన్న సందేహం వస్తుంది. నిర్మాతలకు మాత్రం లెక్క సూటిగా ఉండేది. నిర్ణీత వ్యవధికి ఒక శృంగార సన్నివేశం ఉంటే చాలు, మిగతా సినిమాలో ఏం మాట్లాడినా అడిగేవాళ్లు లేరు. సినిమా తీయాలన్న తపన, చేతిలో డబ్బులేని పరిస్థితి ఉన్న కుర్రాళ్లకు ఆ మినహాయింపు వరమైంది.

నిక్కత్సు రోమన్ పోర్నో

టెలివిజన్ దెబ్బకు ప్రేక్షకులు కరిగిపోతుంటే నిక్కత్సు 1971 నవంబరులో తన స్టూడియో మొత్తాన్ని శృంగార చిత్రాల వైపు తిప్పింది. తొలి చిత్రం షోగొరో నిషిమురా తీసిన 'దాంచిజుమా: హిరుసగారి నో జోజి' (అపార్ట్‌మెంట్ ఇల్లాలు: మధ్యాహ్నపు వ్యవహారం). కథానాయిక కజుకో షిరకావా. 1988లో ఆపేసే నాటికి ఈ వరుసలో దాదాపు 1,100 చిత్రాలు వచ్చాయి. పింకు చిత్రాలకు లేని సదుపాయం వీటికి ఉంది. అనుభవమున్న ఛాయాగ్రాహకులు, కళాదర్శకులు, దీపాల బృందం, శబ్దగ్రాహకులు జీతాల మీద ఉన్నారు. సెట్లు సిద్ధంగా ఉన్నాయి. 70 నిమిషాల నిడివి, వారం పది రోజుల షూటింగు, 10 నిమిషాలకొక శృంగార సన్నివేశం అన్నవి నియమాలు. పునరుద్ధరించిన డిస్కుల్లో ఈ చిత్రాలు అంత మెరుగ్గా కనిపించడానికి సగం కారణం ఆ పనివాళ్లే. నీడల్లో కూడా వివరం దాచుకున్న నెగటివ్‌లు వాళ్లు మనకు మిగిల్చి వెళ్లారు.

ఈ పంచలోనుంచి తత్సుమి కుమాషిరో, నొబోరు తనాకా, మసారు కొనుమా, చుసెయ్ సొనె పైకొచ్చారు. స్ట్రిప్ నర్తకి ఇచిజో సయురి మీద కుమాషిరో 1972లో తీసిన చిత్రంలో నటించిన హిరోకో ఇసయమాకు కినెమా జుంపో పత్రిక ఆ ఏటి ఉత్తమ నటి గౌరవం ఇచ్చింది. జపాన్‌లో విమర్శకులు అంత నమ్మకం పెట్టుకునే పత్రిక మరొకటి లేదు. కాబట్టి ఈ చిత్రాల గొప్పతనాన్ని పాశ్చాత్యులే కనిపెట్టారన్న మాట నిజం కాదు. మసాయుకి సువో, కియోషి కురోసావా తమ తొలి చిత్రాలు తీసుకున్నది పింకు రంగంలోనే. 2009లో ఆస్కార్ అందుకున్న 'ఒకురిబితో' దర్శకుడు యోజిరో తకితా కూడా అక్కడే పని నేర్చుకున్నారు.

1972 జనవరిలో, రోమన్ పోర్నో చిత్రాలు కొన్ని అశ్లీలమంటూ పోలీసులు నిక్కత్సు మీద దాడి చేశారు. దర్శకుల మీదా నిర్మాతల మీదా కేసు పెట్టడంతో ఆగక, ఆ చిత్రాలకు అనుమతిచ్చిన ఎయిరిన్ పరిశీలకులను కూడా ముద్దాయిలుగా నిలబెట్టారు. ఎయిరిన్ అంటే 1949లో పరిశ్రమ తనకు తానుగా ఏర్పాటు చేసుకున్న పరిశీలన మండలి. ప్రభుత్వ సెన్సారు కాదు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. 1978లో అందరూ నిర్దోషులని తీర్పు వచ్చింది, 1980లో పైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

1980లలో వీడియో టేపులు ఇళ్లలోకి వచ్చాయి. చౌకగా టేపు మీదే తీసే వయోజన వీడియోలు థియేటర్లను ఖాళీ చేశాయి. నిక్కత్సు 1988లో ఈ వరుసను మూసేసింది, 1993లో తానే దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. ఏ హోమ్ వీడియో ఈ సినిమాల పొట్ట కొట్టిందో, పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత ఆ హోమ్ వీడియోనే వీటిని బతికించింది.

175వ సెక్షను, ఓషిమా దారి

జపాన్ శిక్షాస్మృతిలోని 175వ సెక్షను అశ్లీల వస్తువుల పంపిణీని నేరంగా చూస్తుంది. ఏది అశ్లీలమో చట్టం విడమరిచి చెప్పలేదు. ఆచరణలో మర్మాంగాలు కనిపించకూడదన్నది గీతగా స్థిరపడింది. ఆ గీత దాటకుండా పనిచేయడానికి సెట్‌మీద రకరకాల ఉపాయాలు పుట్టాయి. కెమెరా ముందు పూలకుండీ, దీపం, తలుపు అంచు, నీళ్ల గ్లాసు వచ్చి అడ్డం నిలబడేవి. నటీనటుల ఒంటికి టేపు అంటించేవారు. శృంగారం నటన మాత్రమే. ఈ సంగతి తెలియని కొనుగోలుదార్లు రోమన్ పోర్నో డిస్కుల మీద 'కోతల్లేని ప్రతి' అన్న మాట చూసి ఏదో దాచిపెట్టిన భాగం బయటపడిందని ఆశపడతారు. పింకు, రోమన్ పోర్నో చిత్రాల్లో చాలా వాటికి అలాంటి దాచిన ప్రతి అసలు లేదు. నెగటివ్‌లో ఉన్నదే పూర్తి సినిమా.

ఓషిమా ఈ గీతను వేరే దారిలో దాటారు. 1936లో టోక్యోలో సాదా అబె అనే స్త్రీ తన ప్రియుణ్ని చంపిన ఉదంతం మీద 'ఐ నో కొరీదా' తీయాలనుకున్నప్పుడు ఫ్రెంచ్ నిర్మాత అనతోల్ దోమాన్‌తో చేతులు కలిపారు. జపాన్ వైపు నిర్మాణం చూసుకున్నది వకమత్సు. షూటింగు జపాన్‌లోనే జరిగింది. ముడి ఫిల్మును ఫ్రాన్స్ నుంచి తెప్పించుకుని, తీసిన రీళ్లను కడగకుండానే తిరిగి ఫ్రాన్స్‌కు పంపారు. అక్కడే కడిగి, అక్కడే ఎడిట్ చేశారు. జపాన్ ల్యాబొరేటరీలో ఆ నెగటివ్ కడిగి ఉంటే అక్కడే పట్టుబడేది. ఈ ఏర్పాటువల్ల సినిమా కాగితాల మీద ఫ్రెంచ్ చిత్రమైంది, జపాన్‌కు విదేశీ చిత్రంలా దిగుమతైంది.

1976లో కాన్ ఉత్సవంలో సంచలనం రేపి, అదే ఏడాది న్యూయార్క్ ఉత్సవంలో అమెరికా కస్టమ్స్ వారి చేతిలో చిక్కుకుంది. జపాన్‌లో మసకలతో, కోతలతో విడుదలైంది. పోలీసులకు సినిమా దొరకలేదు గనుక స్క్రీన్‌ప్లేనూ ఫొటోలనూ అచ్చేసిన పుస్తకం మీద పడ్డారు. బూతు అనేది దాచినచోటే పుడుతుందని, చూపించేస్తే అది మాయమవుతుందని ఓషిమా కోర్టు లోపలా బయటా వాదించారు. 1979లో గెలిచారు, 1982లో పైకోర్టు కూడా ఆయన పక్షాన్నే నిలిచింది. 2000లో జపాన్‌లో చాలా వరకు కోతలు పూడ్చి మళ్లీ విడుదల చేశారు. మసకలు మాత్రం పూర్తిగా పోలేదు. 2009లో అమెరికాలో క్రైటీరియన్ సంస్థ పూర్తి రూపాన్ని డీవీడీగానూ బ్లూరేగానూ తెచ్చింది. బ్రిటన్‌లో 1991 నుంచీ ఒక షాటును మార్చిన ప్రతే చలామణిలో ఉంది. 2011లోగానీ యథాతథంగా అనుమతి రాలేదు.

కుమాషిరో విషయం దీనికి సరిగ్గా తిరగబడ్డ అద్దం. 1973లో తీసిన 'కొయిబితొతాచి వ నురెతా' (తడిసిన ప్రేమికులు) వంటి చిత్రాల్లో ఆయన సున్నితమైన మసకలు వాడలేదు. కళ్లకు కొట్టొచ్చేలా పెద్ద నల్ల చతురస్రాలు పెట్టారు, ఫిల్ము మీద గీకారు. ఇదిగో, చూడొద్దన్నది ఇక్కడే అని వేలెత్తి చూపినట్టుంటుంది. చెరిపేయడానికి సాంకేతికంగా ఏదో మార్గం దొరికినా ఆ నల్ల మచ్చ జోలికి పోకూడదు. ఆ గీతలు పాత ప్రింటు మీద పడ్డ గీతలు కావు. కంప్యూటరు ఆ తేడా తెలుసుకోలేదు, వరసగా తుడిచేస్తుంది. ఫ్రేము ఫ్రేముకూ మనిషి కూర్చుని చూడాల్సిందే. ఓషిమా చిత్రం మీది మసకను తీసేయడం పునరుద్ధరణ అయితే, కుమాషిరో చిత్రం మీది మచ్చను అలాగే ఉంచడం పునరుద్ధరణ.

బెల్లడోన్నా: తెగిన ఎనిమిది నిమిషాలు

ఈ రంగంలో నేను అన్నిటికన్నా ముందు పెట్టే పని 'కనషిమి నో బెరదొన్నా' (విషాద బెల్లడోన్నా) పునరుద్ధరణ. 1973 నాటి యానిమేషన్ చిత్రమిది. ఒసాము తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్ పెద్దల కోసం తీసిన మూడు చిత్రాల్లో చివరిది. అప్పటికి తెజుకా సంస్థను విడిచి వెళ్లారు. ఎయిచి యమమోతో దర్శకుడు, బొమ్మలు కుని ఫుకాయివి, సంగీతం మసాహికో సాతో. ఫ్రెంచ్ చరిత్రకారుడు జూల్ మిషెలే మంత్రగత్తెల మీద 1862లో వెలువరించిన పుస్తకం ఆధారం. పెళ్లినాడే ఊరి దొర చేతిలో బలాత్కారానికి గురైన జాన్ అనే పల్లెపడుచు సైతానుతో ఒప్పందం కుదుర్చుకుంటుంది. శక్తి సంపాదించి ఊరిని కదిలించి చివరికి చితికెక్కుతుంది. సైతానుకు గొంతు అరువిచ్చింది మహానటుడు తత్సుయా నకదాయ్.

సినిమాలో చాలా భాగం బొమ్మలు కదలవు. పొడవాటి నీటిరంగుల పటం మీద కెమెరా మెల్లగా పక్కకు జరుగుతుంది. తెల్ల కాగితం మీద సన్నటి గీత ఒక జుట్టుపాయగా మొదలై నదిగా, నది రక్తంగా మారుతుంది. ఆ కాగితపు గరుకుతనం, రంగు అంచుల్లో నీరు ఇంకిన జాడ కనబడితేనే సినిమా పనిచేస్తుంది. అరిగిపోయిన వీడియో ప్రతుల్లో అది ఒట్టి బూడిదరంగు మరకలా ఉండేది.

సినిమా ఆడలేదు. 1973 చివరికల్లా ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. తర్వాత 1979లో మళ్లీ విడుదల చేసేటప్పుడు తీవ్రమైన దృశ్యాలు కొన్ని తీసేశారు. తీసింది ఏదో ఒక ప్రింటులోంచి కాదు, మూల నెగటివ్‌లోంచే. ఎనిమిది నిమిషాలకు పైగా భాగం అలా పోయింది. నెగటివ్‌ను కోస్తే వెనక్కి తెచ్చే దారి ఉండదు. ఎక్కడో ఎవరో కోతకు ముందటి ప్రింటును దాచి ఉంటే తప్ప.

అలాంటి ప్రింటు ఒకటి బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాజ చలనచిత్ర భాండాగారంలో దొరికింది. పూర్తి నిడివితో మిగిలిన 35 ఎం.ఎం. ప్రింటు అదొక్కటే. లాస్ ఏంజెలెస్‌లోని సినెలీషియస్ సంస్థ జపాన్ నుంచి మూల నెగటివ్‌ను తెప్పించి 4కెలో స్కాన్ చేసింది. తప్పిపోయిన భాగాలను బెల్జియం ప్రింటునుంచి తీసుకుంది. ఇక్కడే అసలు చిక్కు. నెగటివ్ మొదటి తరం, ప్రింటు దానికి నకలు. ప్రింటులో తెలుపులు పేలిపోతాయి, నలుపులు ముద్దగా ఉంటాయి, రంగులు ఏళ్ల తరబడి తమ దారిన తాము మారుతూ వస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన అతికితే ప్రతి అతుకూ కన్ను పొడుస్తుంది. నెగటివ్ స్థాయికి ప్రింటును తేలేరు, అలాగని ప్రింటు స్థాయికి నెగటివ్‌ను దించడం ద్రోహం. రంగుల సవరణలో ఓపిగ్గా రెంటినీ దగ్గరికి చేరుస్తారు. 2016లో సినిమా అమెరికా థియేటర్లలో తొలిసారిగా ఆడింది, అదే ఏడాది బ్లూరే వచ్చింది. తీసిన 43 ఏళ్లకు ప్రేక్షకులు దాన్ని మళ్లీ పూర్తి నిడివితో చూడగలిగారు. యమమోతో 2021లో మరణించారు. తన సినిమాకు రెండో జన్మ రావడం ఆయన బతికుండగానే జరిగింది.

నెగటివ్ నుంచి డిస్కు దాకా

పింకు చిత్రాలకు మూల పదార్థం దొరకడమే కష్టం. ఖర్చు తగ్గించుకోవడానికి ప్రింట్లు కొన్నే తీసేవారు, అవే ఊరూరా తిరిగి అరిగిపోయేవి. చిన్న సంస్థలు మూతపడ్డప్పుడు నెగటివ్‌లకు దిక్కు ఉండేది కాదు. ల్యాబొరేటరీ అద్దె కట్టలేక వదిలేసినవీ ఉన్నాయి. పాత ఎసిటేట్ ఫిల్ము తేమకు, వేడికి విడివడి వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోయి వంకర తిరుగుతుంది. జపాన్ వేసవి ఉక్కపోతలో మామూలు గోదాములో ఉంచిన రీలుకు ఆయుష్షు తక్కువ.

1960ల పింకు చిత్రాల్లో ఒక వింత ఏర్పాటు ఉంది. రంగుల ఫిల్ము ఖరీదైనది గనుక సినిమా మొత్తం నలుపు తెలుపుల్లో తీసి, శృంగార ఘట్టం వచ్చే రీలు మాత్రం రంగుల్లో తీసేవారు. థియేటర్ల పోస్టర్ల మీద దీన్ని ఆకర్షణగా చాటుకునేవారు. ఇప్పుడు అదే పెద్ద తలనొప్పి. నలుపు తెలుపు భాగంలోని వెండి స్థిరంగా నిలుస్తుంది. ఆనాటి రంగు ప్రింటులో మాత్రం నీలి, పసుపు వర్ణాలు వెలిసిపోయి బొమ్మంతా ఎర్రబారుతుంది. ఒకే సినిమాలో రెండు రకాల ఫిల్ము, రెండు రకాల వయసు. ఎర్రబారిన రీలుకు కోల్పోయిన రంగులను అంచనా మీద తిరిగి పోయాలి. అంచనా అతిగా పోతే 1967 నాటి సినిమా నిన్న తీసిన ప్రకటనలా తయారవుతుంది.

గింజ సంగతి మరొకటి. ఫిల్ము బొమ్మలో సన్నటి రేణువులు కదులుతూ ఉంటాయి. అది మురికి కాదు, బొమ్మ అంటేనే ఆ రేణువులు. మెరుపు కోసం వాటిని సాఫ్ట్‌వేరుతో నున్నగా చేస్తే చర్మం మైనపు బొమ్మలా కనిపిస్తుంది. మనిషి శరీరమే ముఖ్యవస్తువైన ఈ సినిమాల్లో ఆ తప్పు మరీ క్షమించరానిది. శబ్దం దగ్గర కూడా అంతే. పింకు చిత్రాలు ఎక్కువగా శబ్దం లేకుండా తీసి తర్వాత గొంతు కలిపేవారు. పెదవికీ మాటకూ కాస్త ఎడం ఉంటుంది. దాన్ని సరిదిద్దబోతే సినిమా సహజ స్వభావం పోతుంది.

పెద్ద స్టూడియోల చిత్రాలకు ఈ అవస్థ తక్కువ. దాయెయ్ సంస్థ చిత్రాలు ఇప్పుడు కడోకావా చేతిలో భద్రంగా ఉన్నాయి. మసుమురా తీసిన 'ఇరెజుమి' (1966) అందుకే అంత వైభవంగా తిరిగొచ్చింది. కజువో మియగావా ఛాయాగ్రహణంలో అయాకో వకావో వీపు మీది సాలీడు పచ్చబొట్టు ఊపిరితో పాటు కదలడం 4కె పునరుద్ధరణలో చూసి తీరాలి. నిక్కత్సు తన రోమన్ పోర్నో 50వ వార్షికోత్సవాన్ని సాకుగా చేసుకుని తనాకా 1974 చిత్రం 'మరుహి: షికిజో మెసు ఇచిబా'ను పునరుద్ధరించింది. 2022లో వెనిస్ ఉత్సవం దాన్ని క్లాసిక్స్ విభాగంలో ప్రదర్శించింది. ఒసాకా మురికివాడలో ఒళ్లమ్ముకు బతికే యువతి కథ ఇది. నిజమైన వీధుల్లో, నలుపు తెలుపుల్లో నడిచి, చివర్లో ఉన్నట్టుండి రంగుల్లోకి మారుతుంది. ఇటలీ నియోరియలిజానికి ఏ మాత్రం తీసిపోని చిత్రమని నా అంచనా.

విడుదల చేసినవారు

వీడియో టేపుల కాలంలో ఇవి బయటి దేశాల అభిమానుల మధ్య చేతులు మారే దొంగ ప్రతులుగానే తిరిగాయి. సబ్‌టైటిళ్లు ఉండేవి కావు, కథ ఊహించుకోవాల్సిందే. డీవీడీ వచ్చాక అమెరికాలో ఫాంటొమా సంస్థ మసుమురాను, సినాప్స్ సంస్థ ఇషీ తీసిన 'క్యోఫు కికెయ్ నింగెన్' (1969)ను అందించాయి. ఈ రెండో చిత్రానిది చెప్పుకోదగ్గ కథ. ఎదొగావా రాంపో రచనల ఆధారంగా తీసిన దీనిలో బుతో నృత్య ప్రక్రియకు ఆద్యుడైన తత్సుమి హిజికతా ముఖ్యపాత్ర వేశారు. వికలాంగులను చూపిన తీరు, పేరులోని మాట అవమానకరమన్న కారణంతో జపాన్‌లో దశాబ్దాల పాటు వీడియోగా రాలేదు. అమెరికాలో 2007లో వచ్చింది, స్వదేశంలో 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ఫ్రాన్స్‌లో బ్లాక్ అవుట్ సంస్థ వకమత్సు చిత్రాలను సంపుటాలుగా తెచ్చింది. ఆ దేశంలోనే 2007లో ఆయన 1966 నాటి చిత్రం ఒకటి 18 ఏళ్లలోపువారికి నిషిద్ధమన్న ముద్రతో థియేటర్లకొచ్చి పెద్ద చర్చ లేపింది. బ్రిటన్‌లో ఏరో సంస్థ ఇషీ, మసుమురా చిత్రాలను వరసగా బ్లూరేలుగా తెస్తోంది. కొలోన్ నగరంలోని రాపిడ్ ఐ మూవీస్ పేరు భారతీయులకు వేరే కారణంగా పరిచయం. షారుఖ్ ఖాన్ హిందీ చిత్రాలను జర్మనీ థియేటర్లకు తీసుకెళ్లింది ఆ సంస్థే. అదే సంస్థ అత్సుషి యమతొయా 1967లో తీసిన 'కోయా నో దచ్చివైఫు', కాన్ ముకాయ్, మమొరు వతనబె చిత్రాలు వంటి అరుదైన పింకు సినిమాలను డిస్కులకెక్కించింది. యమతొయా చిత్రం జాజ్ సంగీతంతో నడిచే పగటికలలాంటి నేరకథ. పెద్ద సంస్థ ఏదీ దానిమీద పైసా పెట్టి ఉండేది కాదు.

ఈ డిస్కులతో వచ్చే వ్యాసాలు, వ్యాఖ్యానాలు, ముఖాముఖీలు అదనపు హంగు అనుకుంటే పొరపాటు. ఈ సినిమాలు పుట్టిన సందర్భం తెలియకపోతే చూసేవాడికి శృంగారం మాత్రమే మిగులుతుంది. 2008లో జాస్పర్ షార్ప్ పింకు చిత్రాల చరిత్రను పుస్తకంగా తేవడంతో ఆంగ్లంలో ఈ చర్చకు గట్టి పునాది పడింది. ఆ తర్వాతి విడుదలల్లో చాలా వాటి మీద ఆయన చేయి ఉంది.

అభ్యంతరాలు

ఈ చిత్రాల మీద ఉన్న అభ్యంతరం బలమైనది, దాన్ని పక్కకు నెట్టే హక్కు పునరుద్ధరించేవారికి లేదు. స్త్రీలమీద బలాత్కారాన్ని వినోదంగా చూపిన సినిమాలు ఈ రాశిలో చాలా ఉన్నాయి. బాధితురాలు చివరికి ఆ హింసనే ఇష్టపడుతుందన్న అబద్ధం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దర్శకులు, నిర్మాతలు, విమర్శకులు దాదాపు అందరూ మగవాళ్లు. తిరుగుబాటు చిత్రమని మనం పొగిడే వకమత్సు సినిమాల్లో కూడా రాజకీయ కోపానికి బలయ్యే శరీరం ఎప్పుడూ స్త్రీదే. దీన్ని చూసీ చూడనట్టు వదిలి, కళ అన్న ఒక్క మాటతో కప్పేసిన డిస్కు వ్యాసాలు నాకు ఎంత మాత్రం సమ్మతం కావు.

అలాగని ఆ సినిమాలు మట్టిలో కలవనివ్వడం నటీమణులకు చేసే న్యాయం కాదు. నవోమి తానీ, మెయికా సెరి, హిరోకో ఇసయమా తెరమీద చేసినది పని, అది కూడా ఎంతో నేర్పున్న పని. తనాకా చిత్రంలో సెరి ముఖం మీద ఉండే ఆ విసుగు, మొండితనం, ఏ మగవాడి కథలోనూ ఇమడని ఒంటరితనం ఆవిడ సొంతం. నెగటివ్ పోతే ముందు పోయేది అదే. మంచి విడుదలలు ఇటీవల దర్శకుడితో పాటు నటీమణుల మాటను కూడా నమోదు చేస్తున్నాయి, స్త్రీ విమర్శకులతో వ్యాఖ్యానాలు చేయిస్తున్నాయి. ఇది ఇంకా చాలా పెరగాలి.

నిక్కత్సు 2016లో ఐదుగురు దర్శకులతో రోమన్ పోర్నోను పాత నియమాలతోనే మళ్లీ తీయించింది. అకిహికో షియోతా చిత్రం లొకార్నో పోటీకి వెళ్లింది, సియోన్ సోనో 'అంచిపోరునో' ఆ ప్రక్రియనే ప్రశ్నించింది. ఈ ఐదుగురిలో స్త్రీ ఒక్కరూ లేరన్న విమర్శ వచ్చింది, అది సరైన విమర్శే.

ఇంకా మిగిలిన పని

పింకు చిత్రాల్లో పెద్ద భాగం ఇప్పటికీ స్కాన్ కాలేదు. కొన్నిటికి ప్రింటు మాత్రమే ఉంది, కొన్నిటికి పోస్టరు మాత్రమే ఉంది. కోబె నగరంలోని ప్లానెట్ భాండాగారం వంటి ప్రైవేటు సేకరణలు, 2018లో స్వతంత్ర సంస్థగా మారిన జపాన్ జాతీయ చలనచిత్ర భాండాగారం కొంత భాగాన్ని కాపాడుతున్నాయి. కొకుయెయ్ లాంటి పాత నిర్మాణ సంస్థల అరల్లో మరికొంత ఉంది. హక్కులు ఎవరివో తేలక ఆగిపోయినవి వేరే.

రంగులు ఎలా ఉండాలో చెప్పగలిగిన మనుషులు కూడా తరిగిపోతున్నారు. కుమాషిరో 1995లో, తనాకా 2006లో, వకమత్సు 2012లో, ఓషిమా 2013లో వెళ్లిపోయారు. దర్శకుడు లేనప్పుడు ఛాయాగ్రాహకుణ్ని, ఆయన లేకపోతే కెమెరా సహాయకుణ్ని పిలిచి రంగుల సవరణ గదిలో కూర్చోబెడతారు. ఎవరూ దొరకనప్పుడు తొలి విడుదల నాటి ప్రింటు ఒకటి కొలతగా కావాలి. అది ఎర్రబారి ఉంటే, అదే చిత్రానికి చెందిన లాబీ కార్డులు, పత్రికల్లో అచ్చయిన స్టిల్స్, అదే ఏడాది అదే స్టూడియోలో అదే ఛాయాగ్రాహకుడు తీసిన మరో సినిమా తెచ్చి పక్కన పెట్టుకుని, ఆ గది దీపం పసుపుదా తెలుపుదా అని ఒక్కో షాటు దగ్గరా తేల్చుకుంటున్నారు.